వేలికొన మీద తాళంచెవి

మీ బొటనవేలి కొనను వెలుతురులో భూతద్దంతో పరిశీలించండి. దున్నిన చేనులోని చాళ్లలాగా సన్నని గీతలు కనిపిస్తాయి. అవి గుండ్రంగా చుట్టుకుంటే మన పెద్దలు చక్రం అంటారు. ఒక పక్కకు వంగి తిరిగితే శంఖం. యంత్రానికి వీటితో పెద్దగా పని లేదు. గీత ఎక్కడ తెగింది, ఎక్కడ రెండుగా చీలింది? ఆ చోట్ల స్థానాన్నీ, దిశనూ అంకెలుగా మార్చి దాచుకుంటుంది. ఈ అమరిక కవల పిల్లల్లో కూడా ఒకటిగా ఉండదు.

1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు సామగ్రి సరఫరా చేసే గుత్తేదారు చేత ఒప్పంద పత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా ఉండడానికి! తర్వాత చాలాకాలం వేలిముద్ర అంటే చదువురానివారి గుర్తుగానే ఉండిపోయింది. ఇప్పుడు ఆచార్యులు కూడా అద్దం మీద వేలు పెట్టవలసిందే.

2010లో ఆధార్ సంఖ్యలు ఇవ్వడం మొదలైంది. పది వేళ్ల ముద్రలు, రెండు కళ్లలోని ఐరిస్ వలయాలు, ముఖచిత్రం – వీటిని 12 అంకెల సంఖ్యతో ముడివేస్తారు. నమోదు సమయంలో ఆ వ్యక్తి ఇదివరకే నమోదయ్యాడేమో అని అందరి ముద్రలతోనూ పోల్చిచూస్తారు. తర్వాత రేషన్ దుకాణంలో వేలు పెట్టినప్పుడు మాత్రం ఆ సంఖ్యకు చెందిన ముద్రతోనే పోలిక.

ఇక్కడే చిక్కు ఉంది. ఒకే వేలిని రెండుసార్లు అద్దానికి ఆనిస్తే రెండు ముద్రలూ అచ్చంగా ఒకేలా రావు. తడి, దుమ్ము, ఒత్తిడి మారుతాయి. కాబట్టి యంత్రం "ఎంత దగ్గరగా ఉంది?" అనే చూస్తుంది. హద్దు సడలిస్తే మోసగాడు దూరిపోతాడు. బిగిస్తే, సిమెంటు పనిలో గీతలు అరిగిన కూలీ, ముడతలు పడిన చేతుల అవ్వ తమ బియ్యం కోసం వచ్చి వెనుదిరగవలసి వస్తుంది. అలాంటివారికి ఐరిస్, ఫోనుకు వచ్చే ఓటీపీ వంటి మరో దారి తప్పక ఉండాలి.

ఇంకొక చిక్కు చూడండి. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం నుండి సుమారు 56 లక్షల మంది వేలిముద్రలు దొంగిలించబడినట్లు బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాము. వేలిని ఎలా మారుస్తాము?

అందుకే నేటి చాలా ఫోన్లలో ముద్ర ఫోను దాటి పోదు. అది సరిపోలితే ఫోనులోని ఒక రహస్య సంఖ్య పని చేస్తుంది. ఫోను పోతే ఆ సంఖ్యను రద్దు చేయవచ్చు. ఆధార్‌లో కూడా వేలిముద్రలకు తాళం వేసే ఏర్పాటు ఉంది. తాళం తీసేవరకు ఎవరు వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోదు – అసలు మనిషి పెట్టినా సరే!