కారు కళ్ళకు పొర

మల్లమ్మ భర్త పేరు సాయిలు. సాయిలుకు ఒక పాత కారు ఉంది. దాన్ని బాడుగకు నడుపుతాడు. ఆ బాడుగ డబ్బులే వాళ్ళ ఇంటికి ఆధారం.

ఒక రాత్రి సాయిలు ఆలస్యంగా ఇంటికి వచ్చాడు. అతని చేతులు వణుకుతున్నాయి.

"ఏమైందయ్యా?" అని అడిగింది మల్లమ్మ.

"ఆసుపత్రి నుంచి బాలింతను, పసిబిడ్డను తీసుకొస్తున్నాను. రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. చుట్టూ రాళ్ళు పెట్టారు. దగ్గరికి వచ్చేదాకా అవి కనబడలేదు. బండిని పక్కకు తిప్పాను. కారు రోడ్డు దిగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ నా గుండె ఇంకా కొట్టుకుంటోంది."

"లైట్లు వెలగలేదా?"

"వెలిగాయి. వెలుతురే రోడ్డు మీద సరిగా పడలేదు."

తెల్లవారింది. మల్లమ్మ కారు ముందు నిలబడి చూసింది. రెండు దీపాల మీద పచ్చని పొర ఉంది. ముసలివాళ్ళ కంట్లో శుక్లాలు వచ్చినట్టు ఉంది. ఇద్దరూ కారును మెకానిక్ దగ్గరికి తీసుకుపోయారు.

మెకానిక్ దీపాలు వేసి చూశాడు. "బల్బులు బాగానే ఉన్నాయి చెల్లెమ్మా. పైమూతలు పాడయ్యాయి. వీటిని దేంతో కడుగుతున్నారు?" అన్నాడు.

"సబ్బు పొడి వేసి పీచుతో తోముతాను. గిన్నెలు తోమినట్టే" అంది మల్లమ్మ.

మెకానిక్ ఇలా చెప్పాడు:

"వెనకటి కార్లకు ఈ మూతలు గాజువి. ఇప్పటివి ప్లాస్టిక్‌వి. ఈ ప్లాస్టిక్ పేరు పాలికార్బొనేట్. ఇది తేలిక. గాజులాగా పగలదు. కానీ ఎండకు ఓర్చుకోదు. ఎండలో కంటికి కనబడని కిరణాలు ఉంటాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. అవి ప్లాస్టిక్‌ను పచ్చబరుస్తాయి. అందుకే ఫ్యాక్టరీలో దీని మీద పల్చటి పూత వేస్తారు. ఇత్తడి గిన్నెకు కళాయి ఎట్లాగో, దీనికి ఈ పూత అట్లాగ. కళాయి పోతే గిన్నెలో పులుసు పాడవుతుంది. పూత పోతే మూత పచ్చబడుతుంది."

"అయితే తప్పు నాదేనా అన్నా?"

"ఎండ తప్పే ఎక్కువమ్మా. దుమ్ము, ఇసుక కూడా పూతను అరగదీస్తాయి. పీచుతో తోమితే ఇంకా తొందరగా పోతుంది."

"పళ్ళపేస్టుతో రుద్దితే మెరుస్తుందని పక్కింటాయన చెప్పాడు" అన్నాడు సాయిలు.

"మెరుస్తుంది. పేస్టులో సన్నని గరుకు పొడి ఉంటుంది. అది పైపొరను గీకుతుంది. మిగిలిన పూత కూడా పోతుంది. కొన్నాళ్ళకు మళ్ళీ పచ్చబడుతుంది."

మెకానిక్ నీళ్ళు పోస్తూ ఉప్పు కాగితంతో మూతలను రుద్దాడు. ముందు గరుకు కాగితం, తరువాత సన్న కాగితం వాడాడు. పాలిష్ పెట్టాడు. చివరికి ఎండను ఆపే పూత వేశాడు. "ఈ చివరి పని మానేస్తే, చేసిందంతా వృథా" అన్నాడు.

తెలుసుకుందాం

అమెరికాలో ట్రిపుల్ ఎ అనే వాహనదారుల సంఘం ఉంది. ఆ సంఘం 2018లో పాత కారు దీపాలను పరీక్షించింది. పచ్చబడిన దీపాల నుంచి కొత్తవాటి వెలుతురులో 20 శాతమే వచ్చింది. అంటే రూపాయికి 20 పైసలే. బాగు చేశాక సుమారు 70 పైసల దాకా వచ్చింది. పూర్తి రూపాయి రాలేదు. అందుకే ముందు జాగ్రత్తే మేలు.

చేయవలసిన పనులు

1. కారును నీడలో నిలపాలి. నీడ లేకపోతే దీపాల మీద గుడ్డ కప్పాలి. బయలుదేరేటప్పుడు మరవకుండా తీయాలి.
2. ముందు నీళ్ళు పోసి దుమ్ము పోగొట్టాలి. తరువాత కారు షాంపూతో, మెత్తని గుడ్డతో కడగాలి.
3. రెండు మూడు నెలలకు ఒకసారి కారుకు పూసే మైనం దీపాలకూ పూయాలి.
4. పొర లోపలి వైపు ఉంటే బయట రుద్ది లాభం లేదు. మెకానిక్‌కు చూపించాలి.

చేయకూడని పనులు

1. పొడి దుమ్మును పొడి గుడ్డతో తుడవకూడదు. గీతలు పడతాయి.
2. పీచు, సబ్బు పొడి వాడకూడదు.
3. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నరు తగలనివ్వకూడదు.

ఇంటికి వచ్చాక మల్లమ్మ సుద్దముక్క తీసుకుంది. కారు నిలిపే చోట గోడ మీద పెద్ద అక్షరాలతో రాసింది: "పీచు వద్దు. నీడలో పెట్టు." సాయిలు చదివి తల ఊపాడు. కారును వేపచెట్టు కిందికి జరిపాడు.

చెప్పండి, రాయండి

1. బల్బు బాగున్నా రోడ్డు మీద వెలుతురు ఎందుకు పడలేదు?
2. కళాయికీ, దీపం మూత మీది పూతకూ పోలిక ఏమిటి?
3. మన ఊళ్ళో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారా? రాత్రి రాళ్ళు అక్కడే ఉంటే ఏమవుతుంది? అందరూ కలిసి మాట్లాడండి.