పనికి గౌరవం, పనివానికి న్యాయమైన కూలి

మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత కొండాపూరు, గచ్చిబౌలి దాకా ఆఫీసులు, అపార్టుమెంట్లు, వాటితోపాటు కార్లూ పెరిగాయి. ఆ కార్లకు మెరుగుపెట్టే డీటెయిలింగ్ పనివారూ పెరిగారు.

“కారు కడగడమేగా!” అంటూ వారితో బేరమాడతాం. కాని కడగడం వేరు, మెరుగుపెట్టడం వేరు. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పూత మందం సుమారు మిల్లీమీటరులో 20వ వంతు. దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే దానిపై గీతలు పడతాయి. అవి పోవాలంటే పాలిషింగ్ మిషనుతో ఆ పూతనే కాస్త అరగదీయాలి. మిషను ఒకేచోట ఎక్కువసేపు ఆగితే పూత కాలిపోతుంది, మళ్ళీ రంగు వేయించవలసిందే. ఎక్కడ ఆపాలో చేతికి తెలియడమే నేర్పు.

“ఆ కూలికి అతడే ఒప్పుకున్నాడుగా” అంటారా? 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన ‘రేరుం నోవారుం’ విశ్వలేఖ దీనికి జవాబిచ్చింది. గత్యంతరం లేక తక్కువకు ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయం కాదు. పొదుపుగా బ్రతకడానికైనా కూలి చాలాలి. ఏనాటి కూలి ఆనాడే, పొద్దుగుంకక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశ కాండము 24:15 బోధిస్తోంది.

షాపులో మనం కట్టే బిల్లు యజమానికి చేరుతుంది. పనివానికి దక్కేది అతడిచ్చే జీతమే. కనుక షాపు నడిపేవారు నేర్పును బట్టి జీతం పెంచాలి. కారున్నవారు పనిని చూసి వెల కట్టాలి, పనివానిని పేరుతో పిలిచి మెచ్చుకోవాలి. అయితే మెచ్చుకోలు కూలికి తోడుగా ఉండాలి గాని, కూలికి బదులు కారాదు.