చేతులు మారే ఫోను – మారవలసిన ఖాతా

నగరాలలో వాడిన ఫోను కొనడం, అమ్మడం నిత్యకృత్యం. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ వీధిలో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో ఈ వ్యాపారం ఏళ్ల తరబడి సాగుతోంది. బ్రతుకుతెరువుకై వచ్చిన కుటుంబానికి జీతం, బ్యాంకు, ఊరి కబురు అన్నీ ఫోనులోనే. కూడబెట్టిన సొమ్ముతో కొన్న ఫోను పాత యజమాని పేరు చెప్పి తెరుచుకోనని మొరాయిస్తే ఆ సొమ్ము నీళ్లపాలైనట్లే.

ఇంటి తాళంచెవి చేతికి వచ్చినంత మాత్రాన ఇల్లు సొంతం కాదు. దస్తావేజు రిజిస్టరు కావాలి, ఖాతా మారాలి. ఫోను విషయమూ అంతే. అందులో రెండు తాళాలు ఉంటాయి. ఒకటి సమాచారానికి, మరొకటి యాజమాన్యానికి.

సమాచారపు తాళం

నేటి ఫోన్లలో చిత్రాలు, సందేశాలు ఉన్నవి ఉన్నట్లు నిల్వ కావు. ఒక రహస్య సంఖ్య ఆధారంగా అవి అర్థంకాని రూపంలోకి మారి నిల్వ అవుతాయి. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు. ఆ రహస్య సంఖ్యయే తాళంచెవి. ఐఫోనులో దాని పొడవు 256 బిట్లు. సాధ్యమయ్యే తాళంచెవులు ఎన్నో లెక్కిస్తే ఆ సంఖ్యకు 78 అంకెలు వస్తాయి. ఊహించి కనుగొనడం అసాధ్యం.

ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేసినప్పుడు ఈ తాళంచెవి నశిస్తుంది. అక్షరాలు మిగిలినా వాటిని చదివే దారి ఉండదు. ఫొటోలను ఒక్కొక్కటిగా తొలగించడం దీనికి సాటిరాదు. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్ల నుంచి ఈ రక్షణ తప్పనిసరి. అంతకుముందువాటిలో కొన్నింటికి ఇది లేదు. అటువంటి ఫోనులో ముందుగా సెట్టింగులలో ఎన్‌క్రిప్షన్‌ను ఆన్ చేసి, తరువాతనే రీసెట్ చేయడం క్షేమం.

యాజమాన్యపు తాళం

దొంగిలించిన ఫోను దొంగకు ఉపయోగపడకూడదన్న ఉద్దేశంతో 2013లో ఐఓఎస్ 7తో ఆపిల్ సంస్థ యాక్టివేషన్ లాక్‌ను తెచ్చింది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో గూగుల్ సంస్థ అటువంటి ఏర్పాటే చేసింది. రీసెట్ అయిన ఐఫోను మొదట ఆపిల్ సర్వరును అనుమతి కోరుతుంది. సర్వరు తన వద్దనే ఉన్న రహస్య తాళంచెవితో ముద్ర వేసి అనుమతి పంపుతుంది. ఆ ముద్ర అసలైనదో కాదో ఫోను తనలోని బహిరంగ తాళంచెవితో సరిచూసుకుంటుంది. పాత యజమాని ఖాతా తొలగకపోతే అనుమతి రాదు. ఆండ్రాయిడ్ ఫోనులో బటన్లు నొక్కి బలవంతంగా రీసెట్ చేసినా పాత ఖాతా గుర్తు చెరగదు. ఆ ఖాతా వివరాలనో, పాత స్క్రీన్ లాక్‌నో అడుగుతుంది.

అమ్మేవారు పాటించవలసిన క్రమం

1. అవసరమైన చిత్రాలు, చిరునామాలు వేరే చోట భద్రపరచాలి.

2. లాగిన్ సంకేతాలు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉంటే, దానిని ముందుగా కొత్త ఫోనుకు మార్చాలి. దాని తాళంచెవులు పాత ఫోనుతోపాటు నశిస్తే సొంత ఖాతాలోకే ప్రవేశం దొరకదు.

3. గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. ఆ ఫోనుతో జతచేసిన చేతిగడియారాన్ని విడదీయాలి.

4. సెట్టింగుల ద్వారానే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. సిమ్ కార్డు, మెమొరీ కార్డు తీసివేయాలి.

ఖాతా పాస్‌వర్డును కొనుగోలుదారునికి చెప్పడం ఎంతమాత్రం తగదు. అది ఒక్క ఫోనుకే కాక, సమస్త సమాచారానికీ తాళంచెవి.

కొనేవారు చేయవలసిన పరీక్ష

సొమ్ము చెల్లించకముందే, అమ్మేవారి ఎదుటనే ఫోనును ఆన్ చేసి, ఇంటర్నెట్‌కు కలిపి, హోమ్ స్క్రీన్ వచ్చేవరకు నడపాలి. నడుమ పాత ఖాతాను అడిగితే అమ్మేవారే దానిని తొలగించాలి. "తరువాత తెరిపిస్తాను" అనే మాటను నమ్మరాదు.

పిదప *#06# నొక్కి 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను చూడాలి. ఆంగ్లాక్షరాలలో కె, వై, ఎం అని రాసి, కొంత ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఫోను వివరాలు తెలుస్తాయి. 2023 మేలో కేంద్ర టెలికం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఈ సౌకర్యం ఉంది. బ్లాక్‌లిస్టు అయినదనో, నకిలీ సంఖ్య అనో జవాబు వస్తే ఆ ఫోనును కొనరాదు. ఐఎంఈఐ సంఖ్య, ధర, తేదీ, ఇరువురి పేర్లు, సంతకాలు ఉన్న రసీదు తప్పక తీసుకోవాలి.

ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. పాత యజమాని ఊరు విడిచిపోయిన తరువాత ఆ తాళం తీయించడం ఏ అంగడివారికీ సులభం కాదు. అందుచేత ఇరువురూ ఎదురెదురుగా ఉన్నప్పుడే ఖాతా తొలగించి, ఆ తరువాతనే సొమ్ము చేతులు మారడం ఉభయులకూ శ్రేయస్కరం.