శతాబ్దాల లెక్క

తెలుగు ఇండ్లలో పిల్లల వయస్సు చెప్పడానికి చక్కని పద్ధతి ఒకటి ఉంది. "అబ్బాయికి పదహారు నిండి పదిహేడో ఏడు నడుస్తున్నది" అంటారు పెద్దలు. నిండిన ఏండ్లు వేరు, నడుస్తున్న ఏడు వేరు. శతాబ్దాల లెక్కలోని కీలకమంతా ఈ మాటలోనే ఇమిడి ఉంది.

శతం అంటే నూరు, అబ్దం అంటే సంవత్సరం. క్రీస్తు శకం 1 నుండి 100 వరకు మొదటి శతాబ్ది. 101 నుండి 200 వరకు రెండవది. ఈ వరుసలో 1901 నుండి 2000 వరకు ఇరవయ్యవ శతాబ్ది. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 నాటికి పంతొమ్మిది నూర్లు నిండాయి. ఇరవయ్యవ నూరు నడుస్తున్నది. కనుక సంవత్సరపు చివరి రెండంకెలను విడిచి, మిగిలిన సంఖ్యకు ఒకటి కలిపితే శతాబ్ది తెలుస్తుంది. చివర రెండు సున్నలున్నప్పుడు మాత్రం ఒకటి కలపరాదు. 1900వ సంవత్సరం పంతొమ్మిదవ శతాబ్దిలో చివరిది.

క్రీ.శ. 525లో రోము నగరంలో డయొనీసియస్ అనే క్రైస్తవ సన్యాసి క్రీస్తు శక గణనను రూపొందించాడు. ఈ గణనలో సున్న సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 ముగియగానే క్రీ.శ. 1 మొదలవుతుంది. అందువల్లనే 2000 జనవరి 1న లోకమంతా వేడుకలు జరిగినా, ఇరవై ఒకటవ శతాబ్ది ప్రారంభమైనది 2001 జనవరి 1న.

క్రీస్తు పూర్వపు సంవత్సరాలు అవరోహణ క్రమంలో సాగుతాయి. క్రీ.పూ. మూడవ శతాబ్ది 300తో మొదలై 201తో ముగుస్తుంది. క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన అశోకుని కళింగ యుద్ధం ఈ శతాబ్దికి చెందినది.

తెలుగు శాసనాలలో ఎక్కువగా కనిపించేది శాలివాహన శకం. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి, దాని చివరి నెలలు జనవరి తరువాత వచ్చినపుడు 79 కలపాలి. ప్రభవ, విభవ వంటి పేర్లు అరువది ఏండ్లకొకసారి తిరిగి వస్తాయి. 1927లోనూ, 1987లోనూ వచ్చిన ఉగాది ప్రభవదే. కాబట్టి సంవత్సరం పేరు ఒక్కటే కాలాన్ని నిర్ణయించలేదు. శక సంఖ్య తోడు కావాలి.

సాహిత్య చరిత్రలో ఈ లెక్క తప్పితే కవుల కాలమే తారుమారవుతుంది. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం శక 944లో జరిగింది. ఆ సంఖ్యను చూసి పదవ శతాబ్ది అనుకుంటే, ఆయన ఆస్థానంలో భారతాంధ్రీకరణకు పూనుకొన్న నన్నయ నూరేండ్లు వెనుకకు పోతాడు. 78 కలిపితే వచ్చేది క్రీ.శ. 1022, అంటే పదకొండవ శతాబ్ది. శ్రీకృష్ణదేవరాయలు పాలించినది 1509 నుండి 1529 వరకు. మొదటి రెండంకెలను చూసి పదిహేనవ శతాబ్ది అని వ్రాస్తే, రాయలు పోతన కాలానికి చేరుతాడు. నిజానికి అది పదహారవ శతాబ్ది. గురజాడ 'కన్యాశుల్కం' తొలి కూర్పు 1897లోనూ, మార్చి వ్రాసిన మలి కూర్పు 1909లోనూ వెలువడ్డాయి. నడుమ గడచినవి పన్నెండేండ్లే అయినా తొలి కూర్పు పంతొమ్మిదవ శతాబ్దిది, మలి కూర్పు ఇరవయ్యవ శతాబ్దిది.

ఒక కవిని గాని, రాజును గాని అర్థం చేసుకోవాలంటే ముందుగా వారిని వారి కాలంలో నిలిపి చూడాలి. నిండిన నూర్లెన్నో, నడుస్తున్న నూరేదో తెలిసిన విద్యార్థికి చరిత్రలోని సంఖ్యలు బరువు కావు. అవి దారి చూపే మైలురాళ్లవుతాయి.

ప్రశ్నలు

1. 1800, 1801 సంవత్సరాలు ఏయే శతాబ్దాలకు చెందినవి?
2. శక 1431 చైత్ర మాసం ఏ క్రీస్తు శక సంవత్సరంలో వచ్చింది? అది ఎన్నవ శతాబ్ది?
3. సాహిత్య చరిత్ర అధ్యయనంలో శతాబ్ది గణనకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.