తేమమాపక యంత్రములో మోడెము వేగమును కుదుర్చు విధానము

మైలవరము మెట్ట ప్రాంతపు మామిడి తోటలలో నీరు కట్టుటకు అదను ముఖ్యము. పూతకు ముందు రెండు మూడు నెలలు నీరు కట్టరాదు. కట్టినచో పూతకు బదులు లేత చిగురు వచ్చును. పిందె బఠాణీ గింజంత అయిన పిదప తేమ తగ్గనీయరాదు. తగ్గినచో పిందె రాలును. అందుచే కొందరు రైతులు చెట్ల మొదళ్ల వద్ద తేమమాపకములను పాతి, వాటి అంకెలను సిమ్ కార్డు గల మోడెము ద్వారా ఫోనునకు తెప్పించుకొనుచున్నారు.

ఈ మోడెము చెడిపోయి, దాని స్థానమున క్రొత్తది అమర్చినప్పుడు ఒక చిక్కు రావచ్చును. దీపము వెలుగును, సిగ్నలు ఉండును, కాని సందేశము రాదు. రైతు ఫోనులో ఉన్న పాత సందేశమునే చూచి తేమ చాలునని తలచినచో ఆ ఏటి కాపునకే నష్టము. కావున ప్రతి సందేశముపై తేదీని చూచుట అలవాటు చేసికొనవలెను. చిక్కు తీర్చుటకు పెద్ద ఖర్చు లేదు. కారణము తెలిసిన చాలును.

కారణము

ఇద్దరు కలిసి గూడ వేయునప్పుడు ఒకరు వడిగా, మరియొకరు నెమ్మదిగా లాగినచో నీరు గట్టెక్కదు. నమోదు యంత్రము, మోడెము కూడ అట్టివే. ఇవి అక్షరములను ఒకే తీగపై ఒక్కొక్క బిట్టుగా, వరుసగా పంపుకొనును. రెండింటి వేగము ఒక్కటి కానిచో అక్షరములు చెదరి అర్థములేని గుర్తులగును.

రెండువైపుల సరిపోవలసినవి నాలుగు: వేగము, అక్షరమునకు బిట్టుల సంఖ్య, తప్పు పట్టుటకు చేర్చు పారిటీ బిట్టు, ముగింపు బిట్టు. సాధారణముగా 9600 వేగము, 8 బిట్టులు, పారిటీ లేకుండుట, 1 ముగింపు బిట్టు వాడుదురు. ఆరంభ బిట్టుతో కలిపి అక్షరమునకు 10 బిట్టులగును గనుక సెకనుకు 960 అక్షరములు పోవును. తేమ అంకెలకు ఇది ఎంతయు చాలును.

కావలసినవి

ఒక కంప్యూటరు, యు.ఎస్.బి. నుండి సీరియల్‌కు మార్చు కేబులు, పుటీ వంటి టెర్మినల్ ప్రోగ్రాము. కేబులు వోల్టేజి మోడెమునకు తగినదై యుండవలెను. పాత ఆర్.ఎస్.232 కేబులును మోడెము బోర్డు పిన్నులకు నేరుగా తగిలించినచో ఎక్కువ వోల్టేజి వలన బోర్డు కాలిపోవును.

చేయు విధానము

1. పెట్టె తెరచుటకు ముందు మోటారు మెయిన్ స్విచ్చిని తప్పక ఆపవలెను. మోడెమును బయటకు తీసి వేరుగా విద్యుత్తు ఇచ్చి పని చేయుట మేలు.

2. కేబులులో పంపు తీగను, అందుకొను తీగను ఒకదానికొకటి తాకించి, టెర్మినల్‌లో ఏదేని టైపు చేయుడు. అదే తిరిగి కనిపించినచో కేబులు మంచిదే.

3. కేబులు పంపు తీగను మోడెము అందుకొను పిన్నునకు, అందుకొను తీగను పంపు పిన్నునకు, గ్రౌండును గ్రౌండునకు కలుపుడు.

4. టెర్మినల్‌ను పైన చెప్పిన అమరికలకు పెట్టి, ఫ్లో కంట్రోలు లేకుండ చేసి, ఆంగ్ల అక్షరములలో ఏటీ అని టైపు చేసి ఎంటరు నొక్కుడు. ఓకే అని వచ్చినచో వేగము కుదిరినట్లే. పిచ్చి గుర్తులు వచ్చినను, ఏమియు రాకున్నను టెర్మినల్ వేగమును 115200, 19200, 38400, 4800గా మార్చి చూడుడు.

5. ఏటీ+ఐపీఆర్? అని అడిగినచో మోడెము తన వేగమును చెప్పును. 0 అని వచ్చినచో అది వేగమును తానే పోల్చుకొనునదని అర్థము. అట్లున్నను ఒక వేగమును స్థిరపరచుట మంచిది.

6. నమోదు యంత్రపు వేగము 9600 అయినచో ఏటీ+ఐపీఆర్=9600 అని ఇయ్యవలెను. ఓకే జవాబు పాత వేగముననే వచ్చి, ఆ వెంటనే మోడెము క్రొత్త వేగమునకు మారును. కనుక ఇప్పుడు టెర్మినల్‌ను కూడ 9600కు మార్చి, మరల ఏటీ అని పరీక్షింపవలెను.

7. ఏటీ&డబ్ల్యూ అను ఆజ్ఞతో అమరికను భద్రపరచుడు. దీనిని మరచినచో కరెంటు పోయి వచ్చినంతనే మోడెము పాత వేగమునకు పోవచ్చును. వ్యవసాయ ఫీడరుపై కరెంటు నిర్ణీత గంటలే ఉండును గనుక, చేసిన పని మరునాటికి నిలువదు.

8. మోడెమునకు విద్యుత్తు ఆపి, మరల ఇచ్చి, 9600 వేగముననే ఏటీ అని పరీక్షించుడు. ఓకే వచ్చిన పిదపనే యంత్రములో బిగించుడు.

గమనిక

ఏటీతో మొదలగు ఆజ్ఞలను 1981లో హేస్ కంపెనీ తన మోడెములతో ప్రవేశపెట్టినది. నేటికిని పెక్కు మోడెములు వీనిని గ్రహించును. అయినను అన్ని రకములకు అన్ని ఆజ్ఞలు ఒక్కటి కావు. తయారీదారు ఇచ్చిన పుస్తకముతో సరిచూచుకొనవలెను. వేగము, ఇతర అమరికలు, మార్చిన తేదీ ఒక చీటీపై వ్రాసి పెట్టె లోపల అంటించుడు. మరుసారి మరమ్మతునకు వచ్చిన వానికి వెదుకులాట తప్పును.

యంత్రము మరల సందేశము పంపిన మొదటి దినమున చెట్టు పాదులో ఒక అడుగు లోతు మట్టిని తీసి చేతితో నలిపి చూడుడు. అంకె చెప్పునది, మట్టి చెప్పునది ఒక్కటియైనప్పుడే ఆ అంకెను నమ్మి నీరు కట్టవలెను.