కెర్నెల్ మార్చేముందు వెనక్కి వచ్చే దారి

కౌలాలంపూర్‌లో మనవాళ్ళు చాలామంది చూసుకునే సర్వర్లు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, సైబర్‌జాయ డేటా సెంటర్లలో ఉంటాయి. కెర్నెల్ మార్చి రీబూట్ చేశాక మెషీన్ లేవకపోతే అర్ధరాత్రి కారు తీయాల్సిందే. నా క్లయింట్లలో కొందరు అందుకే "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం?" అంటారు.

కెలకకపోతే ఏమవుతుందో 2012లో చూశాం. ఆ ఏడాది జూన్ 30న యూటీసీ అర్ధరాత్రికి లీపు సెకను కలిపారు. మలేషియాలో అప్పుడు జులై 1, ఆదివారం ఉదయం ఎనిమిది. కెర్నెల్ టైమర్లలోని ఒక లోపం వల్ల జావా, మైఎస్‌క్యూఎల్ నడిచే ఎన్నో సర్వర్లలో ప్రాసెసర్ వాడకం ఒక్కసారిగా పెరిగిపోయింది. గడియారాన్ని ఉన్న టైముకే మళ్ళీ సెట్ చేస్తే తగ్గిపోయింది! దిష్టి తీసినట్టుంది కదూ? నిజానికి అలా సెట్ చేసినప్పుడు టైమర్లకూ గడియారానికీ మధ్య వచ్చిన సెకను తేడా సర్దుకుంటుంది, అంతే.

అలాగని వచ్చిన రోజే వేసెయ్యడమూ మంచిది కాదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ కోసం ఉబుంటు 16.04కి వచ్చిన 4.4.0-108 కెర్నెల్‌తో కొన్ని మెషీన్లు బూటే కాలేదు. వెంటనే 109 వచ్చింది.

నేను చేసే పద్ధతి ఇది. పాత కెర్నెల్‌నే గ్రబ్‌లో డిఫాల్టుగా ఉంచి, గ్రబ్-రీబూట్ కమాండుతో కొత్తదాన్ని ఒక్కసారికి మాత్రమే ఎంచుకుంటాను. బూట్ లైనులో పానిక్=10 అని చేరుస్తాను. కొత్త కెర్నెల్ పానిక్ అయితే పది సెకన్లకు మెషీన్ దానంతటదే రీబూట్ అయి పాతదానితో లేస్తుంది. ఉబుంటులో దీనికి గ్రబ్ డిఫాల్టు 'సేవ్డ్' అని ఉండాలి. ఇంకో చిక్కుంది: బూట్ డైరెక్టరీ ఎల్‌వీఎం మీదో, సాఫ్ట్‌వేర్ రెయిడ్ మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు. 'ఒక్కసారి' అన్న గుర్తు చెరగక, ప్రతిసారీ కొత్తదే ఎక్కుతుంది. ఈ సంగతి ముందే చూసుకోండి.

పానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే ఈ ఉపాయం పనిచేయదు, రిమోట్ కన్సోలే దిక్కు. బూటయ్యి నెట్‌వర్క్ మాత్రం రాకపోతే? పదిహేను నిమిషాల్లో నేను లాగినై ఆపకపోతే రీబూట్ చేసే టైమర్ ఒకటి ముందే పెడతాను.

వర్చువల్ మెషీన్‌లో పరీక్షించాం కదా అని ధీమా పనికిరాదు. అక్కడి డిస్కు డ్రైవరు వేరు, అసలు సర్వర్లో రెయిడ్ కార్డు వేరు.

తరచుగా కనిపించే పానిక్, రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని చెప్పి చివర అన్‌నోన్-బ్లాక్(0,0) అని చూపించేది. డిస్కు పోయిందని కంగారు పడకండి. ఆ జత సున్నాలకు అర్థం, కెర్నెల్‌కి డిస్కే కనిపించలేదని. సాధారణంగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సరిగ్గా తయారు కాలేదు. పాత కెర్నెల్‌తో లేచి ముందు బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. అది నిండిపోయి ఇమేజి సగంలో ఆగిపోవడం మామూలే. ఇప్పుడు నడుస్తున్నదాన్ని వదిలి, అక్కర్లేని పాత కెర్నెళ్ళు తీసేసి, రెడ్‌హ్యాట్ అయితే డ్రాకట్‌తో, ఉబుంటు అయితే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో ఇమేజిని మళ్ళీ కట్టండి.

కొత్త కెర్నెల్ లేచాక కూడా నేను వెంటనే దాన్ని డిఫాల్టు చేయను. యునేమ్‌తో వెర్షన్ చూసి, డీమెసేజ్‌లో కొత్త ఎర్రర్లు వెతికి, బయటివాళ్ళ మాడ్యూళ్ళు ఎక్కాయో లేదో చూసి, ఒక రాత్రి బ్యాకప్ పూర్తిగా నడిచేదాకా ఆగుతాను. డిస్కుకీ, నెట్‌వర్కుకీ కలిపి గట్టి పని పడేది అప్పుడే.