ఏ నేలకు ఏ విత్తనం?

పాఠ్యభాగ నేపథ్యం

ఇది శాస్త్ర విషయాన్ని వివరించే వ్యాసం. ఒకే వంగడం వేర్వేరు నేలల్లో, వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు ఫలితాలను ఎందుకు ఇస్తుందో, ఆ తేడాను శాస్త్రజ్ఞులు ఏ విధంగా అంచనా వేస్తారో, ఆ అంచనా రైతు జీవనానికి ఎంత ముఖ్యమో ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

పల్నాటి సీమలోని దుర్గి శిల్పకళకు పేరుగాంచిన ఊరు. ఏ రాయి ఏ విగ్రహానికి పనికివస్తుందో ఎంచుకున్న తరువాతనే అక్కడి శిల్పి ఉలి పడతాడు. ఆ ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో రైతు ఎదుర్కొనే సమస్య కూడా ఇటువంటిదే. అయితే శిల్పి రాయిని ముందుగా తట్టి చూడగలడు. రైతుకు ఆ వెసులుబాటు లేదు. విత్తనం తన చేనికి తగినదో కాదో పంట చేతికి వచ్చిన తరువాత గాని అతనికి తెలియదు. అప్పటికి ఒక ఏడాది కాలమూ, పెట్టిన పెట్టుబడీ ఖర్చయిపోయి ఉంటాయి. రైతు ఒంటరిగా చేయలేని ఈ పరీక్షను అతనికంటె ముందుగా, పలు చోట్ల, పలు సంవత్సరాలు చేసి చూడటమే వంగడాల మూల్యాంకనం.

పల్నాడులో ఒక్క పొలిమేర లోపలే పలు రకాల భూములు కనిపిస్తాయి. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరందే భూములు కొన్ని. వానకోసం ఆకాశం వైపు చూసే మెట్ట చేలు కొన్ని. లోతైన నల్లరేగడి కొంత. అడుగున రాతిపొర తగిలే పలుచని నేల కొంత. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలైన నాటినుండి మాగాణికి, మెట్టకు మధ్య తేడా మరింత స్పష్టమైంది. ప్రత్తి, మిరప ఈ ప్రాంతపు ముఖ్య వాణిజ్య పంటలు. వాన కొన్నాళ్ళు ముఖం చాటేసినా నల్లరేగడి తనలోని తేమతో పైరును కాపాడుతుంది. పలుచని నేలలో అదే పైరు త్వరగా వాడిపోతుంది. ఎడతెగని వాన కురిసినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. రేగడిలో నీరు నిలిచి వేళ్ళకు గాలి ఆడదు. నీరు త్వరగా ఇంకే నేలలో పైరు కోలుకుంటుంది. కనుక ఏ నేల మంచిదన్న ప్రశ్నకు కూడా ఆ ఏటి వానను బట్టే సమాధానం చెప్పవలసి వస్తుంది.

విత్తొకటి నాటితే చెట్టొకటి మొలుస్తుందా అన్నది మన సామెత. నాటిన విత్తే మొలుస్తుంది, నిజమే. కాని ఎంత పండుతుందన్నది విత్తనం ఒక్కటే నిర్ణయించే విషయం కాదు. విత్తనంలో వంశపారంపర్యంగా వచ్చిన గుణాలు ఒక వైపు. నేల, నీరు, ఎండ, ఎరువు, చీడపీడలు, విత్తిన అదను మరొక వైపు. ఈ రెండవ వైపు ఉన్నవాటన్నిటినీ కలిపి శాస్త్రజ్ఞులు ‘పరిసరం’ అంటారు. ఒకే ఊరిలో రెండు సంవత్సరాలు రెండు పరిసరాల కిందే లెక్క. ఒక పరిసరంలో మొదట నిలిచిన రకం మరొక పరిసరంలో వెనుకబడితే, ఆ తారుమారును వంగడానికీ పరిసరానికీ మధ్య గల ‘పరస్పర ప్రభావం’ అంటారు.

ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. రెండు ప్రత్తి రకాలను మూడు విధాల భూముల్లో వేసినట్లు భావిద్దాం. ఈ అంకెలు వివరణ కోసం ఊహించినవి. ఎకరాకు క్వింటాళ్ళలో దిగుబడిని సూచిస్తాయి.

కాలువ కింది రేగడి: మొదటి రకం 15, రెండవ రకం 11
వర్షాధార రేగడి: మొదటి రకం 8, రెండవ రకం 9
పలుచని మెట్ట నేల: మొదటి రకం 4, రెండవ రకం 7
సగటు: మొదటి రకం 9, రెండవ రకం 9

సగటు చూసినవారు రెండూ సమానమే అంటారు. కాని కాలువ కింద భూమి ఉన్న రైతు రెండవ రకం వేస్తే ఎకరాకు నాలుగు క్వింటాళ్ళు కోల్పోతాడు. మెట్ట రైతు మొదటి రకం వేస్తే మూడు క్వింటాళ్ళు కోల్పోతాడు. నాలుగు పెద్ద అంకె, మూడు చిన్న అంకె అని తేల్చివేయటానికి వీలులేదు. మొదటి రైతుకు పోయింది లాభంలో కొంత భాగం. రెండవ రైతుకు పోయింది పెట్టుబడి తిరిగి వచ్చే దారి. సగటు మీద ఏ రైతూ బతకడు. తన చేని మీద బతుకుతాడు.

1963లో ఆస్ట్రేలియాకు చెందిన ఫిన్లే, విల్కిన్సన్ అనే శాస్త్రజ్ఞులు 277 బార్లీ రకాలను పరిశీలించి ఒక సులభమైన కొలమానాన్ని సూచించారు. ఒక పరిసరం ఎంత మంచిదో తెలుసుకోవటానికి అక్కడ వేసిన రకాలన్నింటి సగటు దిగుబడినే గుర్తుగా తీసుకున్నారు. పరిసరం మెరుగైన కొద్దీ ఒక్కొక్క రకం ఎంత వేగంగా స్పందిస్తున్నదో చూశారు. మన ఉదాహరణలో పలుచని నేల సగటు 5.5, కాలువ కింది నేల సగటు 13. పరిసరపు సగటు 7.5 క్వింటాళ్ళు పెరిగినప్పుడు మొదటి రకం 11 పెరిగింది, రెండవది 4 మాత్రమే పెరిగింది. మొదటిది సదుపాయాలకు బాగా స్పందించే రకం. రెండవది ఒడుదొడుకులను తట్టుకొనే స్థిరమైన రకం. అయితే స్థిరత్వం ఒక్కటే గొప్ప గుణం కాదు. ఎక్కడైనా తక్కువగానే పండే రకం కూడా స్థిరమైనదే కదా! దిగుబడిని, స్థిరత్వాన్ని కలిపి చూడవలసి ఉంటుంది.

ఇటువంటి పోలిక నమ్మదగినది కావాలంటే ప్రయోగం పకడ్బందీగా ఉండాలి. ఒక రకాన్ని పొలంలో సారవంతమైన మూలన, మరొక రకాన్ని చౌడు మూలన వేస్తే తెలిసేది నేలల తేడాయే గాని రకాల తేడా కాదు. అందుకే ప్రతి రకాన్నీ అనేక చిన్న మడుల్లో మళ్ళీ మళ్ళీ వేస్తారు. దీనిని పునరావృత్తి అంటారు. ఏ మడిలో ఏ రకం వేయాలో చీట్లు తీసినట్లు నిర్ణయిస్తారు. ఈ పద్ధతికి ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ 1920లలో గట్టి పునాది వేశాడు. కొత్త రకాల పక్కనే రైతులు అప్పటికే పండిస్తున్న మంచి రకాన్ని కూడా పోలిక కోసం వేస్తారు. మన దేశంలో వరికి 1965లోనూ, ప్రత్తికి 1967లోనూ అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలు ప్రారంభమైనాయి. వీటి ద్వారా ఒకే రకాల సముదాయాన్ని వివిధ రాష్ట్రాల కేంద్రాల్లో పరీక్షిస్తారు. అక్కడ నెగ్గిన రకాలను చిరుసంచుల్లో రైతులకు ఇచ్చి వారి పొలాల్లోనే చూస్తారు.

తెలుగు నేల మీద పుట్టిన వరి వంగడాలు ఈ సత్యాన్ని చక్కగా చాటుతాయి. గోదావరి డెల్టాలోని మార్టేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) ఒడిశా, పశ్చిమ బెంగాల్ వంటి తూర్పు రాష్ట్రాల పల్లపు భూముల్లోనూ విస్తారంగా పాతుకున్నది. ఇంతగా విస్తరించిన రకానికి కూడా ఒక హద్దు ఎదురైంది. వరదలో పూర్తిగా మునిగితే ఆ పైరు ఎక్కువ రోజులు బతకదు. ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకం నుండి మునకను తట్టుకొనే జన్యువును దానికి చేర్చగా, సుమారు రెండు వారాల మునకను ఓర్చుకొనే స్వర్ణ-సబ్1 2009లో రైతులకు అందింది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) సన్నని గింజకు, అన్నం రుచికి పేరు పొందింది. అయితే బాక్టీరియా ఎండాకు తెగులు వచ్చే చోట అది దెబ్బతింటుంది. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని అందించారు.

ప్రత్తి కథ ఇంతకంటె కఠినమైనది. 1980ల మధ్యకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలపై తెల్లదోమ విరుచుకుపడింది. పల్నాడు అప్పుడు గుంటూరు జిల్లాలో భాగం. మందు మీద మందు చల్లినా దోమ అణగలేదు. ఆ దశాబ్దం చివరికి నష్టాలకు, అప్పులకు తాళలేక కొందరు ప్రత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తరువాత గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం తెల్లదోమను తట్టుకొనే కాంచన (ఎల్.పి.ఎస్. 141) అనే రకాన్ని అందించింది. పరిసరమంటే నేల, నీరు మాత్రమే కాదని, పురుగు కూడా అందులో భాగమేనని ఈ ఘటన నేర్పింది. 2021లో కొత్త జాతి తామర పురుగులు మిరప తోటలను ముంచెత్తినప్పుడు అదే పాఠం మళ్ళీ ఎదురైంది.

2002లో మన దేశంలో తొలిసారి మూడు బి.టి. ప్రత్తి సంకర రకాలకు సాగు అనుమతి లభించింది. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడింటికీ అనుమతి పునరుద్ధరించలేదు. వాటిలో కొన్నింటికి ఇతర రాష్ట్రాల్లో అనుమతి కొనసాగింది. బి.టి. జన్యువు కాయతొలుచు పురుగును అడ్డుకొనేందుకు ఉద్దేశించినది. కాని ఆ జన్యువును మోసే సంకర రకం ఇక్కడి నేలకు, వానకు, రసం పీల్చే పురుగులకు తగినదై ఉండాలి. ఒక మంచి గుణం ఉన్నంత మాత్రాన విత్తనం ప్రతి చోటా మంచిది కాజాలదు.

కనుక కొత్త విత్తనం గురించి వినగానే దాని గరిష్ఠ దిగుబడి ఎంత అని అడగటం చాలదు. దానిని ఎక్కడెక్కడ, ఎన్ని సంవత్సరాలు పరీక్షించారు? ఆ చోట్లలో మన నేల వంటిది ఉన్నదా? ఏ రకంతో పోల్చారు? వానలు లేని ఏడు అది ఎంత పండింది? ఈ ప్రశ్నలకు సమాధానాలు రాబట్టాలి. కొత్త రకాన్ని మొదటి ఏడు కొద్ది విస్తీర్ణంలో, అలవాటైన రకం పక్కనే వేసి చూసుకోవటం వివేకం. కౌలు రైతుకు ఈ జాగ్రత్త మరీ అవసరం. పంట పోయినా కౌలు ఆగదు. అప్పు మీద వడ్డీ ఆగదు.

రైతును చెడ్డ ఏడాది నుండి దాటించటమే వంగడాల మూల్యాంకనానికి పరమావధి. చదువుకొన్న యువత తమ ఊరి నేలల తేడాలను, ఏటేటి దిగుబడులను రాసిపెట్టే అలవాటు చేసుకొంటే, ఆ లెక్కలు పెద్దల అనుభవానికి తోడై ఊరికే దారి చూపుతాయి.

కఠిన పదాలు – అర్థాలు

వంగడం: పంటలో ప్రత్యేక లక్షణాలు గల రకం
మూల్యాంకనం: విలువ కట్టడం
అదను: తగిన సమయం
పకడ్బందీగా: లోపం లేకుండా, కట్టుదిట్టంగా
పరమావధి: చివరి లక్ష్యం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సగటు దిగుబడి ఆధారంగా మాత్రమే వంగడాన్ని ఎన్నుకోరాదని వ్యాసకర్త ఏ విధంగా నిరూపించారు?
2. ప్రత్తి చరిత్ర నుండి వ్యాసకర్త గ్రహించిన పాఠాలను వివరించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. ‘పరిసరం’ అంటే ఏమిటి?
2. ప్రయోగ క్షేత్రంలో పునరావృత్తి ఎందుకు అవసరం?
3. స్వర్ణ వంగడానికి ఎదురైన హద్దు ఏది? దానిని ఎలా అధిగమించారు?

III. సందర్భ సహిత వ్యాఖ్య రాయండి
1. సగటు మీద ఏ రైతూ బతకడు. తన చేని మీద బతుకుతాడు.
2. పంట పోయినా కౌలు ఆగదు. అప్పు మీద వడ్డీ ఆగదు.

IV. విడదీసి సంధి పేరు రాయండి
వర్షాధారం, పునరావృత్తి, పరమావధి